ఆమె చేతి గరిటెలు

మిల్లు విడిచినప్పుడు నాకు నలభై తొమ్మిదేండ్లు. అంతకు ముందు ఇరవై ఆరేండ్లు, అరవదేశంలో మా తెలుగోళ్ళుండే ఈ ఊరి నూలు మిల్లులో ఫిట్టరు పని చేసినాను. కొత్త మిషన్లు దిగినాక మా షిఫ్టుకు ముగ్గురు ఫిట్టర్లు చాలనుకున్నారు. ఆ ముగ్గురిలో నేను లేను. అంతే. ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు గానీ, ఇంట్లో కూర్చోవడం మాత్రం నాకు చేతకాలేదు. పొద్దున్నే మిల్లు సంగు, అదే సైరను, ఊదితే కాళ్ళు వాటంతట అవే చెప్పుల్లోకి పోయేవి.

కొయ్యపని నాకు మిల్లులోనే అబ్బింది. పెట్టెలు కొట్టడానికీ తలుపులు బాగుచేయడానికీ లోపల ఒక చిన్న కొట్టు ఉండేది. దాంట్లో ఒక ముసలి ఆశారి, అంటే వడ్రంగి. టీ బ్రేకులో అందరూ క్యాంటీను పక్క పోతే నేను ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. ఆయన చిత్రిక పడతా ఉంటే చెక్క మీదినుంచి సన్నగా చుట్టలు చుట్టుకొని లేచే పొట్టును చూడడం నాకు ఇష్టం. "సుమ్మా కూర్చుని చూస్తే రాదప్పా, పట్టు," అని ఒకనాడు అరవంలో అని, ఉలి చేతికిచ్చినాడు. సుమ్మా అంటే ఊరికే. అట్ల దినానికి పది నిమిషాలుగా, ఏండ్ల తరబడి నేర్చుకున్నాను. ఆయన పోయినాక ఆయన ఉలి ఒకటి ఆయన కొడుకును అడిగి తెచ్చుకున్నాను.

మిల్లు విడిచిన ఆరు నెలలకు ఇంటి వెనక రేకుల కొట్టం వేసినాను. నాన్‌స్టిక్ పెనాలు వచ్చినాక ఇనప అట్లకాడ గీకుతుందని జనం మళ్ళీ కొయ్యవి అడగతా ఉండారని బజార్లో పాత్రల అంగడాయన చెప్పినాడు. సరి, అదే చేద్దామనుకున్నాను. గరిటెలు, తెడ్లు, అట్లకాడలు. సామిల్లులో మిగిలిన తుంటలు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన పూవరసు, అంటే గంగరావి కొమ్మలు, గాలికి పడిన వేపమాను, ఏది దొరికితే అది తెచ్చి నీడలో ఆరబెట్టేవాణ్ణి. లోతు తోడడానికి వంపు కత్తి కావాల. పాత ఆకురాయి ఒకటి కమ్మరికిచ్చి కొట్టించినాను.

నా గరిటెలు చూడ్డానికి బాగుండేవి. అది నేను పొగరుతో చెప్పేది కాదు, చూసినోళ్ళందరూ అన్నదే. గుండ్రంగా, బరువుగా, నూనె రాస్తే అద్దం మాదిరి మెరిసేవి. అంగడాయన వాటిని ముందర వరసలో వేలాడదీసినాడు. జనం చేతిలోకి తీసుకునేవాళ్ళు, తిప్పి చూసేవాళ్ళు, మళ్ళీ తగిలించి పోయేవాళ్ళు. ఎందుకో నాకు తెలియలేదు. నేను జన్మలో ఒకనాడైనా పొయ్యి ముందర నిలబడి వండినోణ్ణి కాదు.

మా ఇంటామె నా మేనమామ కూతురు. తళవాయిపురం నుంచి వచ్చింది. చిన్నప్పుడు నన్ను 'నువ్వు' అనే పిలిచేది. పెండ్లి అయినాక వాళ్ళమ్మ గట్టిగా చెప్పి 'మీరు' చేయించింది. 'బావా' మాత్రం అట్లే ఉండిపోయింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను మొదట చేసిన గరిటె ఇచ్చినప్పుడు రెండు చేతులతో తీసుకుని, "బాగుండాది బావా," అని మేకుకు తగిలించింది.

ఒకనాడు మధ్యాహ్నం నీళ్ళకని వంటింట్లోకి పోయినాను. ఆమె ఉప్మా కలుపుతా ఉండింది. చేతిలో ఉండింది నా గరిటె కాదు. వాళ్ళమ్మ ఇచ్చిన పాత గరిటె. ఒక పక్క అరిగి అరిగి చంద్రవంక మాదిరి అయిపోయినది. నా గరిటె మేకుకే ఉండాది, దుమ్ము పట్టుకొని.

"అదేమి, నేను చేసింది వాడలేదా?" అన్నాను.

ఆమె కొంచెం తడబడింది. "వాడినాను. ఇది చేతికి వస్తుంది."

"అది రాదా?"

"బరువు బావా. అదీగాక గుండ్రంగా ఉండాది కదా, గిన్నె మూలలోకి పోదు. అడుగున అంటుకుంటుంది." అని చెప్పి, నా మొహం చూసి, "అలవాటు లేక," అని చేర్చింది.

అప్పుడు నాకు కోపం రాలేదు. వ్యాపారానికి పనికొచ్చే మాట కదా అనుకొని, "అయితే ఎట్ల ఉండాలో చెప్పు," అని కొట్టంలోకి పిలిచినాను. ఆమె ముగ్గు డబ్బా తీసుకొని వచ్చింది. సిమెంటు నేల మీద గొంతుక్కూర్చుని, రెండు వేళ్ళతో పిండి తీసి, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతలో గరిటె గీసేసింది. ఒక పక్క గుండ్రం, ఇంకో పక్క ఏటవాలు. పిడి నేరుగా లేదు, నడుమ కొంచెం లోపలికి ఒంగి ఉండింది, బొటనవేలు ఆనడానికి. నేను స్కేలు, పెన్సిలు పెట్టుకొని ఒక పూటంతా గీసేదాన్ని ఆమె లేచి నిలబడేలోపల ముగించింది. ఆ గీత చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నా పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాను.

ఆ మాదిరి నాలుగు చేసి అంగడికిచ్చినాను. నాలుగూ వారంలో పోయినాయి.

తరవాత ఒకనాడు సేత్తూరులో పడిపోయిన వేపమాను ఉండాదంటే చూసి రావడానికి పోయినాను. తిరిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగు అయింది. కొట్టంలోనించి సరసరమని చప్పుడు. తొంగి చూస్తే మా ఇంటామె నేల మీద కూర్చుని ఉండాది. నేను చెక్కను పట్టుకర్రలో బిగించి, నిలబడి చేస్తాను. ఆమె పాదాల నడుమ చెక్కను పట్టుకుని, వంపు కత్తిని తన వైపుకు లాగతా ఉండింది. కత్తిపీట ముందర కూర్చున్నట్టే. తన ఏడో ఏటినుంచి కత్తిపీట ముందర కూర్చున్న మనిషి. వంకాయ కోసినంత సులభంగా పొట్టు లేస్తా ఉండాది. ఒళ్ళో, చీర మీద, జుట్టులో పొట్టు. ఆమె పెదవులు కొంచెం తెరుచుకొని ఉండినాయి. నేను వచ్చింది ఆమెకు తెలియలేదు. పెండ్లయి అన్నేండ్లలో ఆమె మొహం అట్ల ఉండడం నేను చూడలేదు.

"ఏం చేస్తా ఉండావు?"

ఉలిక్కిపడింది. "సుమ్మా. తుంట ఒకటి మిగిలి ఉండింది. పారేస్తారు కదా అని..."

చేతిలో ఉండేది తీసుకున్నాను. పూర్తి కాలేదు. అయినా పిడి అరచేతిలోకి పోయి కుదురుగా కూర్చుంది. తేలిక. ఎంత తేలికంటే, చేతిలో ఉందా లేదా అని వేళ్ళు మళ్ళీ చూసుకున్నాయి. లోపలి గుంట నేను తోడే గుంటలో సగం లోతు కూడా లేదు. వంగిన చోట చెక్క రేఖలు కూడా దానితోపాటే వంగినాయి. ఏ రేఖా తెగలేదు.

"బాగుండాది," అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత కష్టమయిందో నాకే తెలుసు.

అదే మొదలు. ఆమె దినమూ వంట ముగించి రెండు గంటలు వచ్చి కూర్చునేది. నాకు సాయం చేస్తా ఉండానని ఆమె అనుకునింది. నేనూ బయట అట్లే చెప్పుకున్నాను. బస్టాండు పక్క సందులో మెస్సు నడిపే అక్క ఒకామె తెడ్డు కోసం మా ఇంటికే వచ్చింది. బల్ల మీద రెండు వరసలు పెట్టి ఉండినాను. ఆయమ్మ నా వరస మీద చెయ్యి జరిపి, ఆగకుండా అవతలికి పోయి, మా ఇంటామె చేసిన తెడ్డు ఎత్తింది. గాలిలోనే అన్నం కలిపినట్టు రెండుసార్లు తిప్పింది.

"ఇది ఎవరు చేసింది?"

"మా ఇంట్లోనే అక్కా."

"అది తెలుసులే తమ్ముడూ. ఆ పక్కవి నీ చెయ్యి. ఇది వేరే చెయ్యి." నవ్వి, "ఇట్లాంటివే ఇంకో మూడు కావాల," అనింది.

ఆ పూట నేను అన్నం సరిగా తినలేదు. మిల్లులో నా పక్కన పనిచేసినోనికి నాకంటే ముందు ప్రమోషను వచ్చినప్పుడు కూడా నాకు ఇట్ల కాలేదు. అప్పుడు ఇంటికి వచ్చి ఈమెకే చెప్పుకొని తిట్టుకున్నాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకునేది? ఎదురుగా కూర్చుని కూర వడ్డించేది ఆమే. నేను ఎందుకు తినడం లేదని అడిగేదీ ఆమే.

చెక్క తెచ్చేది, కోసేది, పంచేది నేను కదా. అక్కడ మొదలుపెట్టినాను. నేరుగా రేఖలున్న పూవరసు తుంటలు నా పక్కకు జరుపుకున్నాను. ముడులున్నవి, బెరడు దగ్గరి మెత్త చెక్క, ఎండి ఇనుము మాదిరి అయిపోయిన చింత తుంటలు, ఇవి ఆమె పక్క పెట్టినాను. కావాలని చేస్తా ఉండానని నాకు నేను ఒప్పుకోలేదు. 'ఆమెకు చిన్న తుంటలు చాలు కదా' అనుకునేవాణ్ణి. ఒక్కొక్క తుంటనూ తిప్పి చూసి, ముడి పెద్దదిగా కనబడితే నాలో ఏదో సంతోషించేది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుండాది. సిగ్గుగా ఉండాది.

ఆమె వాటినే తీసుకుంది. ముడి ఉన్న తుంటను ఒళ్ళో పెట్టుకొని, బియ్యంలో రాయి వెతికినట్టు వేలితో తడిమి తడిమి చూసేది. తరవాత ముడి చుట్టూ తిరిగి చెక్కేది. ముడి పిడి చివరకు వస్తే అక్కడే గుండ్రంగా ఆపేది. నడుమకు వస్తే పిడినే ఆ పక్కకు వంచేది. ఒక్కొక్కటి ఒక్కొక్క మాదిరి వచ్చింది. ఒకటి ఒంగి ఎవరినో చూస్తా ఉండేటట్టు ఉంటుంది, ఇంకొకటి నడుము మీద చెయ్యి పెట్టుకున్నట్టు ఉంటుంది. అంగడాయన వాటిని చూసి, "ఇవి విడిగా వేలాడదీస్తాను," అన్నాడు. అవే ముందు అమ్ముడుపోయినాయి.

నేనే ఇచ్చిన ముడులు! నేనే ఏరి ఏరి పెట్టిన చెత్త చెక్క! నా కడుపుమంట ఎట్ల ఉండిందో రాయడం నాకు రాదు. నేరు చెక్కలో నేరు గరిటెలు చేసుకుంటా కూర్చున్నాను.

ఆ గరిటెల్లో ఒకటి ఎట్లనో కోయంబత్తూరు చేరింది. అక్కడ ఒకామె మట్టి పాత్రలు, చెక్క సామాన్లు అమ్మే అంగడి పెట్టి ఉండింది. మనవాళ్ళే, తెలుగే మాట్లాడుతుంది. వెతుక్కొని ఫోను చేసింది. రెండు పెట్టెలు పంపించినాము. తరవాత ఒక ఆదివారం పొద్దున కారేసుకొని ఆమే వచ్చేసింది. వయసు ముప్పై ఐదు ఉండొచ్చు. కొట్టమంతా తిరిగి చూసింది, ఫోనులో ఫోటోలు తీసుకుంది. చివరికి నన్ను అడిగింది.

"అన్నా, ఈ వంపు గరిటెలు చేసేది ఎవరు, మీరేనా? కొనేవాళ్ళు అడగతా ఉండారు. చేసినవాళ్ళ ఫోటో, రెండు మాటలు పెడదామని."

అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. నాలిక మీద ఉండింది కూడా. కానీ ఆమె కళ్ళల్లో ఒక మర్యాద కనబడింది. అట్లాంటి మర్యాదతో నన్ను ఎవరూ చూసి చాలా ఏండ్లు అయింది.

"నేనే," అన్నాను.

"అక్క కూడా చేస్తారా?"

"ఆమె ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేస్తుంది, నూనె రాస్తుంది. సాయానికి."

చెప్పి తల తిప్పితే మా ఇంటామె వాకిట్లో నిలబడి ఉండాది. చేతిలో ట్రే, మూడు కాఫీలు. ఎంత విన్నిందో ఆమె మొహం చూసి చెప్పలేకపోయినాను. వచ్చింది, ముందు వచ్చినామెకు ఇచ్చింది, తరవాత నాకిచ్చింది. తన కాఫీ తీసుకోలేదు. లోపలికి పోయింది.

వచ్చినామె నా చేతికి ఒక గరిటె ఇచ్చి, వెలుతురు ఉన్న పక్క నిలబెట్టి ఫోటో తీసింది. మా ఇంటామె చెక్కిన గరిటె అది. రెండు దినాల్లో ఆ ఫోటో బంధువులందరి ఫోన్లకూ వచ్చేసింది. తళవాయిపురం నుంచి నా బావమరిది ఫోను చేసి, "ఏం బావా, పెద్ద కళాకారుడు అయిపోయినావు," అని మెచ్చుకున్నాడు. నేను నవ్వినాను. ఆమె పక్కనే కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తా ఉండింది.

మర్నాడు ఆమె కొట్టంలోకి రాలేదు. ఆ మర్నాడు కూడా. మూడో దినం నేనే అడిగినాను. "ఏం, పని లేదా?"

"ఉప్పుకాగితం పట్టడానికి మనిషి కావాలంటే సామిల్లులో అడగండి బావా. ఎవరైనా వస్తారు," అనింది. గొంతు ఎత్తలేదు. ఆకుకూర కట్ట విప్పి ఆకు గిల్లుకుంటా ఉండిపోయింది.

నాకు లోపల ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్తాను. మొదట ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది. సరి, ఇక కొట్టం నాది. ఆ గరిటెల్లో ఏముంది, నేను చేయలేనా? ఫిట్టరుగా ఇరవై ఆరేండ్లు వెంట్రుక మందం తేడా పట్టినోణ్ణి. ఆమె చేసిన గరిటె ఒకటి మిగిలి ఉండింది. సన్నని కొలతలు తీసే నా వెర్నియరు బయటికి తీసినాను. పిడి మందం, మెడ మందం, గుంట లోతు, అంచు, పది చోట్ల కొలిచి కాగితం మీద రాసుకున్నాను. మంచి పూవరసు తుంట తీసుకొని ఆ కొలతలకు సరిగ్గా చెక్కినాను. రెండు దినాలు పట్టింది. పక్కపక్కన పెడితే అచ్చుగుద్దినట్టు ఉండాయి. చేతిలోకి తీసుకుంటే ఇది చెక్క, అది గరిటె.

మళ్ళీ చేసినాను. నేల మీద కూర్చుని, పాదాల నడుమ చెక్క పట్టుకొని కూడా చూసినాను. మోకాళ్ళు పట్టేసి, కత్తి జారి, బొటనవేలి పక్క తెగింది. తెగిన వేలికి గుడ్డ కట్టుకుంటా ఉంటే వంటింట్లోనించి ఆమె పాట కూనిరాగం తీస్తా ఉండడం వినబడింది. ఆమె సుఖంగా ఉండాది, నేను కొట్టంలో ఈ పాటు పడతా ఉండాను అని ఒళ్ళు మండిపోయింది.

పన్నెండు చేసి కోయంబత్తూరు పంపించినాను. వారానికి ఆ అంగడామె దగ్గరినుంచి మెసేజి. 'అన్నా, ఈసారివి బాగుండాయి, కానీ వేరేగా ఉండాయి. వాడేవాళ్ళు ముందటి మాదిరి కావాలంటా ఉండారు. ఏమైనా మార్చినారా?'

ఫోను జేబులో పెట్టుకొని పెరట్లోకి పోయినాను. పొద్దున ఏడు గంటలు. స్నానానికి నీళ్ళ పొయ్యి మండతా ఉండాది. నా చేతిలో ఆ గరిటె, నేను కొలత తీసిన గరిటె ఉండింది. ఎందుకు తీసుకొచ్చినానో తెలియదు. వంగి పొయ్యిలో పెట్టేసినాను. నూనె పట్టిన చెక్క కదా, గుప్పున అంటుకుంది. నిలబడి చూసినాను. ఆ మంట వెలుగులో కూడా దాని వంపు అందంగానే ఉండింది. అది ఇంకా కోపం తెప్పించింది. నీళ్ళు కాగకముందే స్నానం చేసి బయటికి పోయినాను.

మధ్యాహ్నం వచ్చేసరికి ఆమె పెరట్లో నిలబడి ఉండాది. బూడిద ఎత్తేటప్పుడు దొరికినట్టుంది. చేతిలో జానెడు పిడి, కొన నల్లగా మాడిపోయి. పిడి చివర ముడి మాత్రం కాలలేదు.

"పొరపాటున పడిందా?" అనింది.

నేను అవునని చెప్పి ఉంటే నమ్మి ఉండునో ఏమో. అనలేకపోయినాను. తల వంచుకున్నాను.

"నువ్వే పెట్టినావు."

ఆ 'నువ్వు' వినగానే తల ఎత్తినాను. పెండ్లయినాక ఒకనాడు కూడా అనలేదు.

"నా మీద నీకు ఇంత కడుపుమంట ఎందుకు బావా? నిన్ను ఏమి అడిగినాను నేను? నా పేరు చెప్పమన్నానా? నా ఫోటో పెట్టమన్నానా? అట్ల ఒక మూల కూర్చుని రెండు గంటలు చెక్కుకుంటా ఉండినాను. ఆ రెండు గంటలు దినంలో నాకని ఉండింది. అది కూడా నీకు కన్ను కుట్టిందా?"

నేను ఏదేదో అన్నాను. "నేను ఏండ్ల తరబడి ఆశారి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నువ్వు నెల దినాల్లో..."

"నెల దినాలా? నేను గరిటె పట్టుకొని ముప్పై ఏండ్లయింది. ఏది మణికట్టు నొప్పి పెడుతుందో, ఏది పెట్టదో నాకు తెలియదా? నువ్వు చెక్కను చూసి చేస్తావు. నేను ఇంకొకామె చేతిని తలుచుకొని చేస్తాను. అంతే తేడా. అది అడిగి ఉంటే అప్పుడే చెప్పి ఉంటాను." ఆగి, మెల్లగా అనింది. "ముడి చెక్కలన్నీ నా పక్కకే ఎందుకు వస్తా ఉండాయో తెలియదనుకున్నావా? చూద్దాం, ఎన్నాళ్ళు ఇస్తాడో అనుకున్నాను."

ఆమె ఏడవలేదు. నాకే కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. ఆమె ఆ కాలిన పిడి గోడ మీద పెట్టి, బూడిద చేట ఎత్తుకొని పోయింది.

సాయంత్రం మిద్దె మీదికి పోయి కోయంబత్తూరుకు ఫోను చేసినాను. రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేసి, మూడోసారి చేసినాను. కొండల మీద మబ్బు దిగి ఉండింది, గాలి బాగా వీస్తా ఉండింది. ఆయమ్మకు సరిగా వినబడక, నేను చెప్పిందే మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఆ గరిటెలు చేసింది నేను కాదమ్మా. మా ఇంటామె. నేను అబద్ధం చెప్పినాను."

"ఫోటో తీసేయాల్నా అన్నా?" అనింది.

"తీసేయండి."

"అక్క మళ్ళీ చేస్తారా?"

"అది ఆమెనే అడగాల."

మెట్లు దిగి వచ్చి, వంటింటి వాకిట్లో నిలబడి, ఫోను చేసి చెప్పేసినానని ఆమెకు చెప్పినాను. "సరి," అనింది. ఆ ఒక్క మాటే. నేను ఇంకేదో ఎదురు చూసినాను. క్షమించినాననో, లేదనో. ఏమీ రాలేదు. చాలా దినాలు రాలేదు.

ఆమె మళ్ళీ కత్తి పట్టింది వినాయక చవితి పోయినాక. తన పద్ధతిలో. కొట్టంలోకి రాలేదు. వీధి పక్క తిన్నె మీద చాప వేసుకుంది. చెక్క తానే ఏరుకుంటానని చెప్పింది. వారానికి ఒకసారి నేను బండి మీద సామిల్లుకు తీసుకుపోయేవాణ్ణి. అక్కడ రంపం మిషను దగ్గర మగవాళ్ళు మొదట నా మొహం చూసేవాళ్ళు, 'ఈమె ఎందుకు వచ్చింది' అన్నట్టు. నాలుగు వారాలకు ఆమె కోసమే తుంటలు పక్కన తీసి పెట్టడం మొదలుపెట్టినారు. "అక్కా, ఇది చూడండి, మంచి ముడి," అని వాళ్ళే పిలిచేవాళ్ళు. నేను బండి దగ్గర నిలబడి హెల్మెటు చేతులు మార్చుకుంటా ఉండేవాణ్ణి.

తిన్నె మీద ఆమె చెక్కతా ఉంటే పోయే వచ్చే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నవ్వులు కొట్టందాకా వినబడేవి. నేను గోడకు వీపు పెట్టి కూర్చుని వినేవాణ్ణి. ఎన్నోసార్లు లేచి పోయి, 'ఏం జరగతా ఉండాది ఇక్కడ' అని అందామనిపించింది. పోలేదు. ఒక పాత లేతు మిషను కొని పెట్టుకున్నాను. పప్పుగుత్తులు, చపాతీ కర్రలు తిప్పుతాను. అవి కొలతకు లొంగే పని. నాకు వస్తుంది. వాటిని గురించి ఎవరూ ఫోటో అడగరు. అయినా చపాతీ కర్ర దొర్లించి చూసి, "నేరుగా ఉండాది," అని ఎవరైనా అంటే ఆ దినం నాకు బాగా పోతుంది.

కుళ్ళు పోయిందని చెప్పను. తగ్గింది, అంతే. ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే ఇప్పటికీ మొదట నాలో ఏదో ముడుచుకుంటుంది. తరవాత సర్దుకుంటుంది. ఆమెకు తెలుసు. మెచ్చుకున్నవాళ్ళు పోయినాక నా పక్క ఒకసారి చూస్తుంది, చూపు తిప్పుకుంటుంది. 'మీరు' మళ్ళీ వచ్చింది, కానీ నడుమ నడుమ 'నువ్వు' జారుతుంది. నేను ఏమీ అనను.

పోయిన నెల కోయంబత్తూరు అంగడామె పిలిచింది, కొందరు ఆడవాళ్ళకు గరిటె చెక్కడం నేర్పించాలని. నన్ను పిలవలేదు. మా ఇంటామె ఒక్కతే బస్సులో పోయింది, పనిముట్లు గోనెసంచిలో చుట్టుకొని. రెండు దినాలు నేను ఇంట్లో ఒక్కణ్ణే. సాయంత్రం ఆరింటికి బస్టాండులో దిగింది. ముఖం ఎండకు కందిపోయి, కళ్ళు మెరుస్తా ఉండినాయి. బండి ఎక్కిన నిమిషంనుంచి మాట్లాడడం మొదలుపెట్టింది. జీవితంలో అన్ని మాటలు ఒకేసారి ఆమె నోట నేను వినలేదు. ముందర బస్సు హారన్లు, పక్కన షేర్ ఆటోలు. సగం వినబడలేదు. నేను "ఊఁ, ఊఁ," అంటా వచ్చినాను. నిజం చెప్పాలంటే, వినబడనిదానికి కొంచెం సంతోషించినాను కూడా.

ఇంటి ముందర దిగి చీర సర్దుకుంటా అడిగింది. "వినబడిందా బావా?"

"వినబడింది."

"ఏమి చెప్పినాను?"

నేను దొరికిపోయినాను. ఆమె కోపం చేసుకుంటుందనుకున్నాను. చేసుకోలేదు. సంచి దించి, తిన్నె మీద కూర్చుని, "సరి, కూర్చోండి," అనింది.

కూర్చున్నాను. మొదటినుంచి చెప్పింది. ఎనిమిది మంది వచ్చినారంట. వాళ్ళలో ఒకామె డాక్టరంట, కత్తి పట్టడానికి భయపడిందంట. ఒక పెద్దామె ఏడ్చిందంట, తన చేత్తో ఒక వస్తువు చేసి ఎన్నేండ్లో అయిందని. అందరూ తనను 'టీచర్' అని పిలిచినారంట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకు సిగ్గు వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలో మంట లేచింది. లేచినా కదలకుండా కూర్చుని, ఆమె ముగించేదాకా అంతా విన్నాను.